స్వస్థలము – ఛాయాపటము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



ఈ గ్రంథాలయపు చదువుగదిలో, దినపత్రికల బల్లకు ఎదుటి గోడమీద, దేశనాయకుల పటముల నడుమ ఒక చిన్న ఛాయాచిత్రము చిరకాలముగా వ్రేలాడుచున్నది. అందు ఒక చెఱువు అంచు, నీటిలోనికి వంగిన నల్లని బండ, రెండు తాటిచెట్లు, వాని వెనుక దూరమున ఒక బోడిగుట్ట కానవచ్చును. మనుష్యుడెవడును లేడు. దానిని ఎవరు తీసిరో, ఎవరు కానుకగా నిచ్చిరో దాఖలా పుస్తకమున లేదు. చీపురుకట్టకు సైతము నంబరు వేసి లెక్క వ్రాసిన ఆ పుస్తకములో ఈ పటమునకు మాత్రము పద్దు పడలేదు. రజతోత్సవమునకై గోడలకు సున్నము వేయుటకు పటములన్నియు దింపినపుడు, ఇది ఏ చెఱువను ప్రశ్న పుట్టినది. ఒకరు పెద్దచెఱువనిరి. ఒకరు ఇది ఈ ఊరిది కానేకాదు, మేళ్ళచెఱువు వైపుదనిరి. మఱియొకరు గుట్ట వాలకమును బట్టి మట్టపల్లి త్రోవలోనిదని వాదించిరి. చదువుకొన్నవారు నలుగురు చేరినచోట అభిప్రాయములకు కొదువ యుండదు గదా! ఇంతలో గొఱ్ఱెలను తోలుకొని పోవుచు మంచినీళ్ళకై వాకిట ఆగిన ఒక అవ్వ, అరుగుమీద ఆనించి యుంచిన ఆ పటమును చూచి, చేతికఱ్ఱ ప్రక్కన పెట్టి కూర్చున్నది.

"ఇది పెద్దచెర్వు గాదు బిడ్డా, చిన్నచెర్వు మత్తడి. పొద్దు గూకంగ తీసిన్రు. ఈ బండ మీదనే మా అత్త బట్టలు పిండేది. ఇంకొక తాడు ఉండె, దాని మీద పిడుగు వడ్డది" అని చెప్పి, నీళ్ళు త్రాగి, గొఱ్ఱెల వెంట వెడలిపోయినది.

అవ్వకు అక్షరములు రావు. చిన్నచెఱువు నేడు చాలవఱకు పూడిపోయినది. మత్తడి బండను పగులగొట్టి కంకర చేసిరి. అందువలననే చదువరులెవ్వరును దానిని గుర్తింపజాలకపోయిరి. పటమునందు బండ ఉన్నది, నీరు ఉన్నది, సాయంకాలపు నీడ ఉన్నది. పేరు మాత్రము లేదు. ఆ పేరు ఒక వృద్ధురాలి నోట మిగిలియున్నది. ఆమె ఆ పూట ఆ దారిన రాకపోయినచో ఆ పటము ఏ ఊరిదియు కాక మిగిలెడిది. నేలకును, నేల చిత్రమునకును, ఆ నేలపై బ్రతికినవారికిని గల ఈ సంబంధమే నేటి ఉపన్యాస విషయము.

ఛాయాగ్రహణ విద్య పుట్టుకయే స్వస్థలముతో ముడిపడియున్నది. ఫ్రాన్సు దేశమున నీయెప్స్ అను ఆయన 1826లోనో 1827లోనో ఒక లోహపు రేకుమీద ఒక విధమైన తారు పూత పూసి, చీకటిపెట్టెలో అమర్చి, తన పల్లెటూరి ఇంటి మేడ కిటికీ దగ్గఱ పెట్టెను. ఆ రేకు వెలుతురును పట్టుటకు ఎన్నో గంటలు పట్టినది. ఆలోపల సూర్యుడు తూర్పునుండి పడమటికి నడచినాడు. అందుచేత ఆ చిత్రమున ఇండ్లకు రెండు ప్రక్కలను ఎండ పడినట్లుండును. ప్రకృతిలో ఎన్నడును జరుగని వింత అది. ఆ చిత్రములో ఏమున్నదని అడిగిన, రాజు లేడు, యుద్ధము లేదు, దేవాలయము లేదు. ఆయన పెరటి కొట్టపు కప్పు, పావురాల గూడు కట్టిన గోపురము, ఒక చెట్టు. నేటివఱకు నిలిచియున్న తొలి ప్రకృతి ఛాయాచిత్రమదియే. అది కూడ చాలకాలము కనుమఱుగై, 1952లో మఱల దొరికి, ఇప్పుడు అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయమున భద్రముగా నున్నది. తన ఇంటి కిటికీనుండి ప్రతిదినము కనబడునదియే ఆయనకు మొట్టమొదట పట్టదగినదిగా తోచినదన్నమాట.

ఛాయాగ్రహణము పుట్టకముందును చిత్రము చూచి కన్నీరు పెట్టినవారు కలరు. భవభూతి మహాకవి ఉత్తరరామచరితమున మొదటి అంకమంతయు అట్టిదే. పట్టాభిషేకమైన పిమ్మట లక్ష్మణుడు వనవాస వృత్తాంతమును చిత్రములుగా వ్రాయించి, సీతారాములను వెంటబెట్టుకొని ఒక్కొక్కటిగా చూపును. అయోధ్యలోని మఱియొకరెవరు చూచినను అవి చెట్లు, కొండలు, నదులు. సీతారాములకు మాత్రము అవి దినములు, రాత్రులు, మాటలు. జనస్థానమున చెట్లెన్ని అని వారు లెక్కింపలేదు. ఆ చెట్టుక్రింద ఏమి జరిగినదో వారికి తెలియును. శూర్పణఖ బొమ్మ కనబడగానే సీత అదరిపడును. ఇది చిత్రమేగదా యని రాముడు ఊరడించును. చిత్రమే యని ఎఱిగియు అదరిపడుట ఎట్టిదో తన చోటును పోగొట్టుకొన్నవానికి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఆ చిత్రములు చూచుటవలననే సీతకు మఱల అడవులను చూడవలెనను కోరిక పుట్టినది. తరువాత జరిగిన కథ ఎల్లరకును తెలిసినదే.

దీనికి భిన్నముగా ప్రబంధకవుల మార్గమున్నది. అష్టాదశ వర్ణనలు చేయవలెనను నియమముచేత వారు చూడని సముద్రమును, ఎక్కని కొండను పద్యములలో పొదిగిరి. పద్యము సొగసు వేఱు సంగతి. దానికి చేతులు జోడింపవలసినదే. కాని అందలి పురవర్ణనను తీసి మఱియొక పురమునకు తగిలించినను అడ్డము చెప్పువారుండరు. ఛాయాచిత్ర కళలోను ఇట్టి ప్రబంధ మార్గము నడచినది. ఒకప్పుడు హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ వంటి ఊళ్ళలో పెండ్లియైన దంపతులు స్టూడియోకు పోయి పటము తీయించుకొనువారు. అక్కడ వెనుకనొక తెర. తెరమీద పాలరాతి మెట్లు, హంసలున్న సరస్సు, కొన్నిచోట్ల తాజమహలు. ఇంటి వెనుక నిండుచెఱువు ఉండగా, బండి కట్టించుకొని పట్టణమునకు పోయి, రంగు తెరమీది సరస్సు ముందు నిలుచుండిరి! నేడు ఆ పటములు పాత పెట్టెలలో దొరకుచున్నవి. తాతల ముఖములు చక్కగా నున్నవి. తాతలు త్రొక్కిన నేల మాత్రము అందు లేదు.

హైదరాబాదు సంస్థానమున ఈ విద్యకు గొప్ప పేరు తెచ్చినవాడు రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ సమీపమున సర్ధనాలో జన్మించి, రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇందూరులో మరామతు శాఖయందు నక్షాలు గీయు ఉద్యోగము చేసెను. కొలత గొలుసుతో నేలను చూచుట ఎఱిగినవాడు ఆ పిమ్మట కెమెరాతో నేలను చూచెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువున ఛాయాచిత్రకారుడై, రాజబిరుదము పొంది, సికిందరాబాదున పెద్ద స్టూడియో నడిపి, 1905లో పరమపదించెను. ఆయన పటములలో కోటలు, దేవళములు, రాతిగుట్టలు, ప్రాసాదములు అద్భుతముగా నుండును. నక్షా వ్రాసినవాని చేయి అగుటవలన కాబోలు, ఆ పటములలో ఏ గోడ ఎచట మొదలైనదో, ఏది ఎంత దూరముననున్నదో ఇట్టే తెలియును. కాని ఆ పరికరములకు ఖర్చు మెండు. గాజు పలకలు, మందులు, బండ్లు, నౌకరులు కావలెను. దొరలు పోయినచోటికే కెమెరా పోయినది. చెలకలవైపు దానికి పనిపడుట అరుదు.

పల్లెల నేలకు చిత్రము లేదా యనిన, ఒక విధముగా కలదు. పూర్వపు పట్వారీ దస్త్రములలో సేత్వారు, పహాణీ, టిప్పను, గ్రామ నక్షా అను కాగితములుండెడివి. నక్షాలో ప్రతి సర్వే నంబరునకు హద్దులు గీయబడియుండును. టిప్పనులో ఒక్కొక్క గట్టు పొడవు, మూలమూలకు కొలత ఉండును. తరియా, ఖుష్కియా, బావి యున్నదా, ఎన్ని చెట్లు, శిస్తు ఎంత యని వివరముగా వ్రాయుదురు. ఆ కాగితములు ఘనమైనవే. వాని ఆధారముననే ఎన్నో తగవులు తీరినవి, ఎన్నో తగవులు పుట్టినవి కూడ. అయినను వానిలో సర్వే నంబరు ఉండునుగాని "తూముక్రింది మడి" అను మాట ఉండదు. "మూల చెలక", "ఊడలమఱ్ఱి చేను", "దయ్యాలమిట్ట" ఉండవు. చింతచెట్టు ఒకటి యని లెక్క ఉండును. దాని నీడన నాట్లవేళ ఎంతమంది సద్దులు విప్పుకొనిరో ఉండదు. నక్షా కొలతను దాచును. ఛాయాచిత్రము రూపును దాచును. పేరును దాచునది నోరు ఒక్కటియే. ఈ మూడును ఒకచోట చేరిననాడుగాని ఒక చోటు సంపూర్ణముగా కాగితమునకు ఎక్కదు.

ఈ సంగతి కృష్ణాతీరమున ఎంత పెద్ద అక్షరములతో వ్రాయబడినదో నాగార్జునకొండ చరిత్ర చూచిన తెలియును. క్రీస్తుశకము మూడు, నాలుగు శతాబ్దులలో ఇక్ష్వాకు రాజులకు రాజధానియైన విజయపురి ఆ లోయయందే వెలసియుండెను. చుట్టును కొండలు, ఒక ప్రక్క కృష్ణవేణి. కాలాంతరమున అంతయు మట్టిలో కలిసి, అడవి పట్టి, పశువులు మేయు చోటైనది. స్థానికుడైన బడిపంతులు సూరపరాజు వెంకటరామయ్య అనునాయన అచ్చట నొక ప్రాచీన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలియజేసెను. బడిపంతులు చూచిన రాయి గదా యని ఎవరును త్రోసివేయలేదు. అది ఆ లోయ అదృష్టము. 1926లో ఆ స్థలప్రాముఖ్యము లోకమునకు వెల్లడియైనది. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్‌స్టు అను పురావస్తు శాఖాధికారి త్రవ్వకములు జరిపి, స్తూపములను, విహారములను, శిల్పములను ఛాయాచిత్రములు తీయించి, 1938లో గ్రంథముగా వెలువరించెను.

ఆ పటములు తీయుచున్నపుడు ఆ లోయ మునుగునని ఎవరికిని తెలియదు. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ పండితుడు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. అంతకు ముందు సంవత్సరము 1954 నుండియే లోయలో తొందర తొందరగా త్రవ్వకములు మొదలైనవి. ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యమున 1960 వఱకు ఆ పని సాగినది. ఇక్కడ త్రవ్వువారు, అక్కడ ఆనకట్ట కట్టువారు. నీటికిని నెలగొట్టునకును పందెము. కొలతలు, నక్షాలు, పటములు తీసి, కొన్ని కట్టడములను ఱాయి ఱాయిగా విప్పి కొండ నెత్తమున మఱల కట్టిరి. మఱికొన్నింటిని ఒడ్డున అనుపు వద్దకు చేర్చిరి. ఆ కొండ నేడు నీటి నడుమ దీవియైనది. పడవ దిగి చూచువానికి శిల్పములు కనబడును, స్తూపము కనబడును. ఆ శిల్పములు ఏ మలుపునుండి చూచిన ఏ కొండ వెనుక నుండెడివో, నదీస్నానఘట్టమునకు ఏ దారిన దిగెడివారో తెలియవలెనన్న ఆ పాత ఛాయాచిత్రములే దిక్కు. విగ్రహమును మోయవచ్చును, లోయను మోయలేరు.

ఆ పటములలో ఒక కొఱత ఉన్నది. అవి శాస్త్రపరిశోధకులు తీసినవి. స్తూపమెంత వెడల్పో తెలియుటకు కొలబద్ద నిలిపిరి. స్తూపము ప్రక్కన ఎవరి చేను ఉండెనో, ఆ చేనికి పేరేమో అడుగుట వారి పని కాదు. ఇక్ష్వాకుల రాణుల పేర్లు శాసనములవలన దొరికినవి. ఆ లోయయందు చివఱి పంట కోసినవారి పేర్లు ఆ గ్రంథములలో వెదకిన దొరకవు. ఇది వారిపై నింద కాదు. ఎవరి పని వారు చేసిరి. రెండవ పని చేయవలసినవారు వేఱు.

లోయను ముంచిన నీరు ఎచటికి వచ్చినదో ఈ సభలోనివారికి చెప్పనక్కఱలేదు. 1967 ఆగష్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచినది. లాల్‌బహదూర్ కాలువయను ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల మీదుగా సాగి, ఈ సీమ రూపునే మార్చివేసినది. జొన్నచెలకలు, ఆముదపు చేలు వరిమళ్ళైనవి. బీడులు ఆయకట్టైనవి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుమోసినది. ఆకలి తీరినచోట పాతరూపునకై విలపించుట తగదు. అన్నము పెట్టిన నీటిని నిందించువాడు ఈ ప్రాంతమున లేడు. అయినను ఒక్కమాట అడుగవలసియున్నది. కాలువ రాకముందు ఈ చెలకలు ఎట్లుండెడివో చూపుటకు ఎన్ని ఇండ్లలో ఒక్క పటమైన ఉన్నది? మంచెమీద వడిసెల పట్టిన పిల్లవాడు, మోటబావి, కంచె, ఎండకాలపు ఎఱ్ఱని దుమ్ము, కనుచూపుమేర తాళ్ళు. అవి చూచినవారు నేడు డెబ్బదియేండ్లు దాటిన పెద్దలు. వారి మనుమలకు కాలువకు పూర్వపు ఊరు పురాణకథవలె వినబడును. దుఃఖమున పోయినదానినైన తలచుకొందురుగాని సుఖమున పోయినదానిని మఱచిపోవుట మానవస్వభావము.

దుఃఖమున పోయినదియు దగ్గఱనే యున్నది. కృష్ణానదిపై పులిచింతల వద్ద నిర్మించిన ఆనకట్ట 2013లో జాతికి అంకితమైనది. డాక్టరు కె.ఎల్. రావుగారి పేరు పెట్టిన ఆ జలాశయము నీటిపట్టు 45.77 టి.ఎం.సి. నదికి ఇరుప్రక్కల పల్లెలు ముంపునకు లోనైనవి. ఈ ఒడ్డున నెమలిపురి, చింత్రియాల, అడ్లూరు, వెల్లటూరు వంటి ఊళ్ళు ఆ జాబితాలోనివి. మట్టపల్లి లక్ష్మీనృసింహస్వామి ఆలయమును కాపాడుటకు కరకట్ట కట్టిరి. ఇండ్లకు, పొలములకు కరకట్ట కట్టుట సాధ్యముకాలేదు. భూసేకరణ కాగితములలో అంతయు ఉండును: ఇంటి కొలత, గోడ మట్టిదా ఱాతిదా, బావి లోతు, చెట్ల లెక్క, వాని వెల. వేపచెట్టునకు వెల కట్టిరి. ఆ వేపచెట్టు క్రింద మంచము వేసికొని ఏటిగాలి పీల్చిన అలవాటునకు వెలకట్టు గడి ఏ ఫారములోను లేదు, ఉండజాలదు కూడ. క్రొత్త కాలనీలో ఇల్లు సిమెంటుది, దీపములు కలవు, దారి చక్కనిది. అయినను వేసవి సాయంకాలము ఆ ఊరి పెద్దలు ఏ దిక్కునకు ముఖము పెట్టి కూర్చుందురో గమనించినవారికి సంగతి తెలియును.

ఇట్టిదే అమెరికాలో జరిగినది. కొలరాడో నదిపై గ్లెన్ కాన్యను అను లోయకు ఆనకట్ట కట్టి 1963లో తలుపులు మూసిరి. ఎఱ్ఱరాతి గోడల నడుమ ఎన్నో మైళ్ళు ప్రవహించిన ఆ నది మడుగైనది. ఇలియట్ పోర్టరు అను ఛాయాచిత్రకారుడు మునుగకముందు ఆ లోయలో తిరిగి రంగుల పటములు తీసి, అదే సంవత్సరము పుస్తకముగా వెలువరించెను. దానికి "ఎవరును ఎఱుగని చోటు" అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. ముందే జనులకు తెలిసియుండినచో కాపాడుకొని యుందురుగదా యని ఆ పేరులోని బాధ. కృష్ణాతీరపు పల్లెల గతి దీనికి తలక్రిందులు. అచ్చట చోటును ఎఱిగినవారు లేరు, పటములు మిగిలినవి. ఇచ్చట ప్రతి గట్టును, ప్రతి రేవును ఎఱిగినవారు వేలమంది యుండిరి. వారి చేతులలో పటములే తక్కువ. ఏది ఎక్కువ నష్టమో తేల్చుట కష్టము. అయినను ఎఱిగినవారు ఇంకను బ్రతికియున్నారు గనుక ఇచ్చటి నష్టము కొంతవఱకైన పూడ్చదగినది.

మఱల భవభూతి దగ్గఱకే పోవలసియున్నది. రెండవ అంకమున రాముడు పన్నెండేండ్ల పిమ్మట ఒంటరిగా దండకకు వచ్చును. చూచిన చోటే, కాని పోలిక చిక్కదు. ఒకప్పుడు ఏరు పారినచోట ఇసుకతిన్నె కనబడును. దట్టమైన చెట్లు పలుచనై, పలుచని చోట దట్టమై యుండును. ఇది మఱియొక అడవియా యని సందేహించినవానికి కొండల ఉనికి ఒక్కటియే, ఇది ఆ అడవియే యని సాక్ష్యము పలుకును. అంతటి మహాకవి నోటినుండి వెలువడినది గనుక అది ఛాయాచిత్రకారునికి సైతము పనికివచ్చు సూత్రమైనది. పటము తీయునపుడు మాఱునదానితోపాటు మాఱనిదానిని కూడ చట్రములోనికి తేవలెను. చెఱువును మాత్రమే తీసినచో రేపు చెఱువు పూడినపిమ్మట ఆ పటము అనాథయగును. వెనుక గుట్టయో, గుడిశిఖరమో కనబడినచో దాని ఆధారమున చోటు పట్టుకొనవచ్చును. గ్రంథాలయపు గోడమీది పటములో బోడిగుట్ట ఉండుటవలననే అవ్వ చెప్పినమాట నిజమని పిమ్మట పోయి చూచినవారికి రూఢియైనది. అయితే మేళ్ళచెఱువు పరిసరములలో సున్నపురాతి నేల సిమెంటునకై త్రవ్వబడుచున్నది. గుట్టలు కూడ కంకరగా మాఱుచున్నవి. భవభూతి కాలమున కొండలు కదలవను ధైర్యముండెను. నేడు ఆ ధైర్యము లేదు.

ఒకే చోటును జీవితకాలము పట్టి చూచినవారు ఈ కళలో పెద్దలైరి. ఆన్సెల్ ఆడమ్స్ అను అమెరికా దేశస్థుడు 1916లో పదునాలుగేండ్ల బాలుడుగా తల్లిదండ్రులతో యోసెమిటీ కొండలకు పోయి, వారిచ్చిన చిన్న కోడక్ పెట్టెకెమెరాతో పటములు తీసెను. ఆ పిమ్మట మరణించువఱకు, అనగా 1984 వఱకు, ఇంచుమించు ఏటేట అచ్చటికే పోయెను. ఆయన తీసిన కొండల పటములు చూచి, వేఱొక పర్వతప్రాంతమును జాతీయవనముగా 1940లో రక్షించుటకు అచ్చటి పాలకులు మొగ్గుచూపిరి. తెలంగాణమున ఓరుగల్లు ప్రాంతమునకు చెందిన భరత్ భూషణ్ పల్లెల గోడలను, తలుపులను, బతుకమ్మ ఆడు వాకిళ్ళను ఏండ్ల తరబడి చిత్రించి, 2022లో కీర్తిశేషుడైనాడు. పెంకుటింటి తలుపునకు పూసిన పసుపు, సున్నపు చుక్కలు ఆయన పటములలో చూచినవారికి తమ అమ్మమ్మ ఇల్లు జ్ఞప్తికి వచ్చును. ఆ రెండు పనులకును మూలము ఒక్కటే: పరదేశిగా పోయి చూచిన చూపు కాదు, మఱలమఱల పోయి చూచిన చూపు.

నేడు కెమెరా లేని ఇల్లు లేదు. దీన్‌దయాళ్ బండ్ల మీద మోయించిన సరంజామా కూలివాని జేబులోని ఫోనులో ఇమిడియున్నది. అయినను జరుగుచున్నదేమి? సెల్ఫీ యని, నేలకు వీపు చూపి, ముఖము ముందునకు చాచి తీసికొందురు. కృష్ణవేణి చెవివెనుక చారగా మిగులును. వేలకొలది పటములు తీయుదురు. ఫోను నీటిలో పడిననాడు అన్నియు కృష్ణార్పణము! స్టూడియో తెర పోయినదిగాని దాని బుద్ధి పోలేదు.

పని చేయ దలచినవారికి కొన్ని సాధారణ విషయములు. మిట్టమధ్యాహ్నపు ఎండ నేలను చదును చేయును; ఉదయము, సాయంకాలము వాలు వెలుతురులో గట్లు, దున్నిన చాళ్ళు, మిట్టపల్లములు నీడలతో లేచి నిలుచును. అవ్వ "పొద్దు గూకంగ తీసిన్రు" అని పట్టినది ఆ నీడలను చూచియే. ఒకే చోట నిలిచి, తొలకరికి ఒకసారి, పంట నిండినపుడు ఒకసారి, కోతలైన పిమ్మట ఒకసారి తీసిన మూడు పటములు, మూడు చోట్ల తీసిన ముప్పదింటికంటె మిన్న. ఆ చోట ఒక ఱాయి పాతియుంచినచో తరువాతివారును అచ్చటనే నిలిచి తీయగలరు. మంచి పటమును కాగితముపై వేయింపవలెను. వెనుక మెత్తని పెన్సిలుతో తేదీ, నిలిచిన చోటు, చూచిన దిక్కు, కనబడు ప్రతిదాని పేరు వ్రాయవలెను. కలము సిరా కొన్నాళ్ళకు ముందువైపునకు దిగును. పేర్లను గ్రంథములలో వెదకరాదు. గొఱ్ఱెలు కాచువారిని, నీరు కట్టువారిని, నాట్లు వేయు స్త్రీలను అడుగవలెను. రెండు పేర్లు చెప్పిన రెండును వ్రాయవలెను. ఏది సరియైనదో నేడే తేల్చనక్కఱలేదు.

ముంపు గ్రామములనుండి వచ్చి ఈ ఊర నివసించుచున్న కుటుంబములవారి యొద్ద పెండ్లి పటములలో, పిల్లల పటములలో వెనుకనెక్కడనో పాత ఊరి వీధియో, రేవుమెట్టో, గుడిగోపురమో పడియుండును. ముఖములను చూచుటకు తీసిన ఆ పటములను ఇప్పుడు వెనుకవైపునకై చూడవలసియున్నది. వారు వానిని గ్రంథాలయమునకు ఇచ్చివేయ నక్కఱలేదు. ఒకపూట అరువిచ్చినచో నకలు తీసికొని, వారి ఎదుటనే పేర్లు వ్రాసికొని, పటములు వారికి తిరిగి ఇయ్యవచ్చును.

రజతోత్సవ సంఘమువారు ఇందునకై ఒక పెద్ద పుస్తకము కుట్టించి సిద్ధముగా నుంచిరి. నల్లని అట్టలు, నూఱు పుటలు. దాఖలా పుస్తకమున దానికి నంబరు పడినది. గోడమీది పటము వెనుక చిన్నచెఱువు మత్తడియనియు, బండపేరు, కూలిన తాటిచెట్టు సంగతియు వ్రాసి, చెప్పినవారి పేరును చేర్చిరి. ఆమె వ్రేలిముద్ర వేయుదుననగా, సంతకముకంటె అదియే మేలని వేయించిరి. పుస్తకపు మొదటి పుట ఇంకను ఖాళీగా నున్నది. ఈ చదువుగది పడమటి కిటికీ తెఱచినచో బొడ్రాయి, దాని వెనుక రావిచెట్టు, ఆపైన పెద్దచెఱువు కట్ట కనబడును. కట్టమీద రోడ్డు వేయుదురను మాట వినబడుచున్నది. వచ్చే ఆదివారము ప్రొద్దు వ్రాలకముందు, కెమెరాగాని ఫోనుగాని గలవారు, కట్టపేర్లు తెలిసిన పెద్దలను వెంటబెట్టుకొని ఆ కిటికీ దగ్గఱకు రావలసినదిగా సంఘమువారు కోరుచున్నారు.